వెనక నుంచి హీరోయిన్

మొదటి అంతస్తు కిటికీ అద్దాన్ని బద్దలు కొట్టుకుంటూ బంతి వీపు ముందుగా బయటికొచ్చింది. గాలిలో ఒక మెలిక తిరిగి, కింద ఆగి ఉన్న కారు పైకప్పు మీద నడుంతో పడి, అక్కణ్ణుంచి దొర్లి రోడ్డు మీద బోర్లా ఆగింది. కారు పైకప్పు సొట్టపోయింది. చుట్టూ ఉన్న అంతమందిలో ఒక్కరూ దగ్గరికి పోలేదు. కాసేపటికి గాజుపెంకుల మధ్య నుంచి ఆమె కుడిచెయ్యి పైకి లేచింది. అప్పుడు ఆమె అన్నయ్య "కట్" అని అరిచాడు, మిగతావాళ్ళు పరిగెత్తారు.

ఆ వృత్తిలో అది చట్టం. పడ్డ మనిషి నాకేమీ కాలేదని చెయ్యెత్తి చూపించాలి. చెయ్యి లేచేదాకా కెమెరా ఆగదు, ఎవరూ ముట్టుకోరు. లేవకపోతే అంబులెన్సే. బంతి విషయంలో ఆ అవసరం ఎప్పుడూ రాలేదు. భుజం విరిగిన రోజున కూడా ముందు రెండో చెయ్యి ఎత్తి, ఆ తర్వాతే మూలిగింది. ఎక్కడ విసిరేసినా ఎగిరి లేస్తుందని ఫైటర్లు పెట్టిన పేరే బంతి. కన్నతల్లి కూడా ఆ పేరుతోనే పిలిచేది.

అన్న ఫైట్ మాస్టర్. సినిమాల్లో కొట్లాటలన్నీ ఆయన కూర్చినవే. అందరికీ మాస్టర్, ఆమెకు మాత్రం అన్నయ్య, అదీ షూటింగ్ ముగిశాకే. మనిషి పొట్టి, కోపం పొడుగు. ముక్కు రెండుసార్లు విరిగినా ముక్కు మీది కోపం మాత్రం దిగలేదు. తాడుముడి సరిగ్గా వెయ్యని ఫైటర్ పన్ను ఊడగొట్టింది ఆయనే, మర్నాడు తీసుకెళ్ళి పన్ను కట్టించిందీ ఆయనే. ఒక్క మంచి అలవాటుంది. తను దూకకుండా ఎవర్నీ దూకనివ్వడు. తాడు గట్టిదని ఎవడు ఒట్టేసినా నమ్మడు, ముందు తనే వేలాడి చూస్తాడు. అందుకే ఆయన చేతికింది ఫైటర్లు తన్నులు తింటూ కూడా ఆయన్ని వదిలిపోయేవాళ్ళు కాదు.

ఇక ఈ కథలో చిచ్చు పెట్టింది హీరోయిన్. పాపం, ఆవిడకి ఆ సంగతి తెలీదు. కొన్నాళ్ళు ఎవరికీ కనిపించకుండా పోయి, కొత్త ఆకారంతో తిరిగొచ్చింది. నడుం పిడికెడైంది, నడుం కింద నిండింది. పొట్టలోంచీ తొడల్లోంచీ కొవ్వు పీల్పించి పిరుదుల్లో ఎక్కించుకుందని మేకప్ గదిలో అందరికీ తెలుసు, బయట ఎవరికీ తెలీదు. ఆవిడ ఒళ్ళు, ఆవిడ ఇష్టం, కాదనడానికి మనమెవరం. కానీ ఆవిడ బదులు పడే డూప్ బంతి. డూప్ బతుకంతా వెనకవైపే ఉంటుంది. ముఖం హీరోయిన్‌ది, వీపూ నడుమూ పిరుదులూ డూప్‌వి. కెమెరా బంతిని ఏనాడూ ఎదురుగా చూడలేదు. ఇప్పుడు ఆ వెనకే కలవడం లేదు.

దర్జీ స్పాంజితో ప్యాడింగ్ కుట్టి ఆమె నడుంకి కట్టాడు. కారు మీద పడ్డ షాట్ మానిటర్లో వేసి చూస్తే, పడిన ఊపుకి ప్యాడింగ్ జరిగి ఒకవైపు పిరుదు తొడమీదికొచ్చి కూర్చుంది. చూసినవాళ్ళు పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. బంతి మోచేతిలో గుచ్చుకున్న గాజుముక్కని పీక్కుంటూ తనూ నవ్వింది. మాస్టర్ నవ్వలేదు. నేరుగా వెళ్ళి దర్జీ చెంప పగలగొట్టాడు. దర్జీ కుట్టుమిషను మీద పడ్డాడు, పెదవి చిట్లింది. గట్టిగా కడితే ఆమె కాళ్ళు ఆడవు, వదులుగా కడితే స్పాంజి ఆగదు, నన్ను చంపినా ఇంతకంటే కుదరదని రక్తం తుడుచుకుంటూ చెప్పాడు. అదీ నిజమే.

గోరుచుట్టు మీద రోకటిపోటన్నట్టు, సాయంత్రం డైరెక్టర్ బంతిని పిలిచి, తర్వాతి సినిమా నుంచి ఆకారం కలిసే ఇంకో అమ్మాయిని పెట్టుకుందామనుకుంటున్నట్టు చెప్పాడు. మంచివాడే, మాట మెత్తగానే అన్నాడు. అయినా కత్తి కత్తే.

ఇంటికొచ్చాక బంతి నేరుగా పెరట్లోకి పోయింది. నీళ్ళ ట్యాంకు కింద పరుపు వేసుకుని, పైకెక్కి, పరుపు మీదికి వెల్లకిలా పడటం మొదలుపెట్టింది. పడటం, లేవటం, మళ్ళీ ఎక్కటం. తల్లి వంటగది కిటికీలోంచి చూసి చూసి, అన్నానికి పిలవడం మానేసింది. చదువు దానికి ఒంటబట్టలేదు, పెళ్ళి అది వద్దంది. ఎత్తు నుంచి కిందికి రావడం ఒక్కటే దానికి తెలుసు, అందులోనే దానికి గర్వం. చీకటి పడేవేళకి మాస్టర్ పరుపు పక్కన వచ్చి కూర్చున్నాడు. ఆమె ట్యాంకు మీది నుంచే తన నిర్ణయం చెప్పింది. హీరోయిన్ చేయించుకున్నదే తనూ చేయించుకుంటానంది. స్పాంజి జరుగుతుంది, సొంత కొవ్వు జరగదు కదా అంది.

ఆయన వెంటనే ఒప్పుకున్నాడంటే అబద్ధం. తిట్టాడు, పరుపుని ఒక్క తన్ను తన్నాడు. కానీ చెల్లెలు పనిలేకుండా ఇంట్లో కూర్చోవడం ఆయన ఊహకే అందలేదు. చివరికి ముందు పెద్దాసుపత్రిలో అడుగు, ఆ తర్వాత చూద్దామన్నాడు.

పెద్దాసుపత్రి డాక్టరమ్మ దగ్గరికి బంతి ఒక్కతే వెళ్ళింది. తిరిగొచ్చి నవ్వుతూ చెప్పింది: నీ ఒంట్లో కొవ్వేదమ్మా తియ్యడానికి, అంతా కండే అందట. ఎక్కించినా స్కాన్ మిషన్లో చూసుకుంటూ కొంచెమే ఎక్కించాలట, ఆ తర్వాత వారాల తరబడి కూర్చోకూడదట, వెల్లకిలా పడుకోకూడదట, నెలల తరబడి కిందపడకూడదట. పడటమే నా పని అంటే, అయితే నేను చెయ్యనని తేల్చేసిందట. ఇంకేమందని మాస్టర్ అడిగితే, "ఏదో రక్తనాళాలంది, ఊపిరితిత్తులంది, బొమ్మ గీసి మరీ చూపించింది. ప్రాణం మీదికొస్తుందంది. నాకు రోజూ వచ్చేది అక్కడికే కదా అన్నాను," అంది. మాస్టరుకీ నవ్వొచ్చింది. ప్రాణం మీదికి రావడమనే మాటకి ఆ ఇంట్లో అరిగిపోయిన చెప్పుకున్నంత విలువ కూడా లేదు.

కాదన్నవాళ్ళుంటే అవునన్నవాడు దొరక్కపోతాడా. దొరికాడు. అద్దాల భవనం, లోపల చల్లటి గాలి, గోడల నిండా నడుములూ పిరుదులూ. తనను తాను శిల్పి అని రాయించుకున్నాడు బోర్డు మీద. రాతిని చెక్కేవాడు తప్పు చేస్తే రాయి పగులుతుంది, అంతే. ఆ తేడా బోర్డు రాసినవాడికి తట్టలేదు, రాయించుకున్నవాడికీ తట్టలేదు. నవ్వుముఖం, తెల్లటి చేతులు, మాటకి ముందు భుజం తట్టే అలవాటు. ఒంటినంతా గాలిస్తే కావలసినంత కొవ్వు దొరుకుతుందన్నాడు. తొడలు, పొట్ట, వీపు, జబ్బలు, అన్నిచోట్లా కొంచెం కొంచెం గోకుదామన్నాడు. స్కాన్ మిషను సంగతి బంతి గుర్తుచేసుకుని అడిగితే, అది కొత్తవాళ్ళకి, నా చేతికే కళ్ళున్నాయని నవ్వాడు.

మాస్టర్ దిక్కులు చూస్తూ కూర్చున్నాడు. ఏ దూకుడైనా ముందు తను దూకి చూసేవాడు, ఇక్కడ దూకి చూడటానికి లేదు. అడగాల్సినది ఏమిటో తెలీదు. తెలిసిందల్లా స్పాంజి. అందుకే అదే అడిగాడు.

"డాక్టరుగారూ, ఇది పడే పిల్ల. ఎత్తు నుంచి పడుతుంది. పైపైన పెడితే జరిగిపోతుంది. కాస్త లోతుగా పెట్టండి. గట్టిగా నిలబడాలి."

శిల్పి ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణంలో ఆయనకి చదివిన చదువంతా గుర్తొచ్చే ఉంటుంది. లోతుకి పోకూడదని ఆ విద్య నేర్చినవాళ్ళందరికీ తెలుసు. కానీ ఎదురుగా ఉన్నది సినిమావాళ్ళు. హీరోయిన్ డూప్ తన దగ్గర చేయించుకుందంటే రేపు ఎవరెవరు వస్తారో. లోతుగానే పెడదాం, కండని పట్టుకుని కూర్చునేలా పెడదాం అన్నాడు. బంతి అన్న వైపు మెచ్చుకోలుగా చూసింది. సరైనదే అడిగానని ఆ అన్న కూడా అనుకున్నాడు.

తల్లికి అవుట్‌డోర్ షూటింగని చెప్పి ఇద్దరూ వెళ్ళారు.

ఆ ఆసుపత్రిలో ఒక వింత ఉంది. ఆపరేషన్ జరుగుతుంటే బయట కూర్చున్నవాళ్ళు చూడ్డానికి గోడకి పెద్ద టీవీ పెట్టారు. దాచేదేమీ లేదని చూపించుకోవడానికట. మాస్టర్ దాని ఎదురుగా కూర్చున్నాడు. బంతికంటే ముందు ఇంకెవరివో ఆపరేషన్లు అయ్యాయి, వాటిని ఆయన చూడలేదు. బంతిది మొదలయ్యాక కళ్ళు తిప్పలేదు.

అక్కడా ముఖం కనిపించలేదు. బోర్లా పడుకోబెట్టిన ఒళ్ళు మాత్రమే. శిల్పి చర్మానికి గాటు పెట్టి ఇనపగొట్టం లోపలికి తోశాడు. తోసి లాగాడు, లాగి తోశాడు. గొట్టం వెళ్ళినచోటల్లా చర్మం కింద ఒక గట్టు లేచి పడింది. పడుకున్న మనిషి మొత్తం ఊగిపోతోంది. బక్కపలచటి ఒంట్లోంచి కొవ్వు అంత సులువుగా వస్తుందా? రానిచోట రెట్టింపు బలంతో పొడిచాడు. మోకాలు బల్లకి ఆనించి పొడిచాడు, కుడిచెయ్యి నొప్పెట్టి ఎడమచేత్తో పొడిచాడు. తొడలు కమిలి వంకాయ రంగుకి తిరిగాయి. సీసాలోకి రక్తం కలిసిన పసుపుపచ్చ ముద్ద బొట్లుబొట్లుగా వచ్చిపడింది. మాస్టర్ తన బతుకులో వేల కొట్లాటలు కూర్చాడు, ఒక్కదానిలోనూ ఇంత కసిగా కొట్టించలేదు.  లేచి వెళ్ళి రిసెప్షన్ అమ్మాయిని అడిగితే, అందరికీ ఇలాగే చేస్తారు సార్, మొదటిసారి చూసినవాళ్ళు అందరూ ఇలాగే లేచి వస్తారని నీళ్ళిచ్చింది.

తర్వాత ఎక్కించడం మొదలైంది. పెద్ద సిరంజికి పొడుగాటి గొట్టం బిగించి పిరుదులోకి దింపాడు. ఇందాకటిలా పైపైన పడుకోబెట్టి కాదు, నిటారుగా, బాగా కిందికి. దింపి నొక్కాడు, తీసి మళ్ళీ దింపాడు. ఎడమవైపు అయ్యాక కుడివైపు. టీవీ ముందు మాస్టర్ తలూపాడు. అడిగినట్టే లోతుగా పెడుతున్నాడు, మాట నిలబెట్టుకునే మనిషే అనుకున్నాడు.

బంతిని పక్కగదిలోకి మార్చి బోర్లా పడుకోబెట్టారు. ఒంటినిండా బిగుతు కట్లు, కట్ల మీద ఎర్రటి మరకలు. మగత వదులుతున్నకొద్దీ ఆమె తల అటూ ఇటూ కొట్టుకోసాగింది. ఊపిరి కుక్కపిల్ల ఊపిరిలా వేగంగా ఆడుతోంది. జుట్టు నెరిసిన నర్సు వేలికి తగిలించిన ఆక్సిజన్ క్లిప్పు చూసింది, అంకె తక్కువగా ఉంది. క్లిప్పు తీసి ఇంకో వేలికి పెట్టింది, అంకె ఇంకా తగ్గింది. పెదాల రంగు నచ్చలేదామెకి. డాక్టర్ని పిలుస్తాననీ, ఆయన ఇంకో ఆపరేషన్ కోసం చేతులు కడుక్కుంటున్నారనీ అంది.

అప్పుడు దుప్పటి కిందనుంచి బంతి కుడిచెయ్యి పైకి లేచింది.

మాస్టర్ ముఖం వెలిగిపోయింది. "ఏం భయం లేదమ్మా. చెయ్యెత్తింది చూడు. దాని సంగతి నాకు తెలుసు, బానే ఉంది," అన్నాడు నర్సుతో. చెల్లెలి తల మీద చెయ్యి వేసి, శెభాష్ బంతీ అన్నాడు. అంత నమ్మకంగా అన్న మాటకి నర్సు కూడా ఒక నిమిషం మెత్తబడింది. గది చల్లగా ఉండి వేళ్ళు చల్లబడ్డాయేమో, అందుకే అంకె తప్పుగా చూపిస్తోందేమోనని ఇంకో దుప్పటి తేవడానికి వెళ్ళింది.

చిన్నప్పట్నుంచీ ఎముక విరిగినా ముందు చెయ్యెత్తడం నేర్చుకున్న పిల్ల అది. నేర్పింది ఆయనే. మత్తులో, ఊపిరందక, ఎక్కడుందో తెలీక, పడ్డానన్న సంగతొక్కటే తెలిసి, ఆ చెయ్యి అలవాటుగా లేచింది. ఆ నిమిషం పోయింది. దుప్పటి వచ్చేసరికి బంతి వేళ్ళు మంచం కమ్మీని గోళ్ళు విరిగేలా పట్టుకుని ఉన్నాయి, కళ్ళు తెరిచి ఉన్నాయి, నోరు తెరిచి ఉంది, లోపలికి గాలి పోవడం లేదు. నర్సు దుప్పటి అక్కడే పడేసి డాక్టర్ కోసం కేక పెట్టింది.

శిల్పి వచ్చాడు, చూశాడు. ఆయన ముఖంలో నవ్వు లేకపోవడం మాస్టర్ మొదటిసారి చూశాడు. అంబులెన్స్ పిలవమని నర్సు అంటే, ఆగు అన్నాడు. బయట జనం ఉన్నారు, ముందు హాల్లో టీవీ ఆపించండి, వెనక తలుపు తెరిపించండి, మత్తు దిగుతోంది అంతే, సర్దుకుంటుందేమో చూద్దాం అన్నాడు. చెల్లెలి గొంతులోంచి గరగరమని చప్పుడు వస్తుండగా ఆ మనిషి తలుపుల గురించీ టీవీల గురించీ మాట్లాడుతున్నాడు.

మాస్టర్ నుదుటితో ఆయన ముక్కు పగలగొట్టాడు.

జీవితమంతా అంగుళం దూరంలో ఆపే దెబ్బలు నేర్పినవాడు ఆయన. ఆ రోజు ఒక్కటీ ఆపలేదు. పట్టిన జుట్టు వదలకుండా ముఖాన్ని తలుపు చెక్కకేసి కొట్టాడు. పొట్టలో మోకాలితో పొడిచాడు. శిల్పి మందుల బీరువా మీద పడ్డాడు, అది సినిమా గాజు కాదు, జబ్బ దగ్గర చొక్కాతో పాటు చర్మం కూడా చీరుకుపోయింది. కిందపడ్డవాడి మీద మోకాలు వేసి గొంతు పట్టుకున్నాడు. మెడ నరాలు వేళ్ళ కింద కొట్టుకోవడం ఆయనకి తెలుస్తోంది. ఇంకాస్త బిగిస్తే అయిపోతుంది. బిగించాడు. ఆ బిగించడంలో సుఖం కూడా ఉంది, అది దాచి ప్రయోజనం లేదు.

వెనకాల నర్సు ఒక్కతే బంతిని వెల్లకిలా తిప్పింది. మంచమెక్కి మోకాళ్ళ మీద కూర్చుని రెండు చేతులతో గుండె మీద నొక్కుతోంది. గుండె ఆగిపోయింది. నొక్కేది ఆమే, ఊపిరి ఊదాల్సిందీ ఆమే. అరవలేదు. నొక్కుతూనే చెప్పింది.

"వాణ్ణి చంపాలనుకుంటే తర్వాత చంపుకో నాయనా. ఇప్పుడు నాకు ఇంకో నాలుగు చేతులు కావాలి. వదులు."

ఆ మాటకి మాస్టర్ వేళ్ళు వాటంతట అవే విడివడ్డాయి. శిల్పిని మెడపట్టి లేపి మంచం దగ్గరికి నెట్టాడు. ఇందాక చంపబోయినవాడూ చావబోయినవాడూ పక్కపక్కనే నిలబడి పనిలోకి దిగారు. శిల్పి గుండె మీద నొక్కాడు. ముక్కులోంచి కారే రక్తం ఆమె రొమ్ముల మధ్య పడుతుంటే తుడవడానికి తీరిక లేదు. నర్సు మాస్టర్ చేతికి ఊపిరి ఊదే రబ్బరు సంచి ఇచ్చి, నేను చెప్పినప్పుడల్లా పిండమంది. ఆయన పిండాడు. నొక్కే బలానికి బంతి పక్కటెముక ఫట్‌మని విరిగింది, ఆ తర్వాత ఇంకొకటి. ఆ చప్పుడు ఆయనకి బాగా తెలుసు. షూటింగుల్లో నకిలీగా చేయించే చప్పుడే. ఆగకండి అని నర్సు, పిండు అని నర్సు. ఆయన ఏడుస్తూ పిండాడు, లెమ్మని చెల్లెల్ని తిడుతూ పిండాడు.

అంబులెన్సుని పిలిచింది హాల్లో ఉన్న రిసెప్షన్ అమ్మాయి. ఎవర్నీ అడక్కుండా పిలిచేసింది, ముందు తలుపునుంచే లోపలికి రానిచ్చింది.

పెద్దాసుపత్రిలో గుండె మళ్ళీ కొట్టుకుందన్నారు, కాసేపటికి ఆగిందన్నారు, మళ్ళీ కొట్టుకుందన్నారు. మాస్టర్ గోడకానుకుని ప్రతి మాటకీ ఒకసారి బతికి ఒకసారి చచ్చాడు. మూడోసారి ఆగినది మళ్ళీ కొట్టుకోలేదు. బయటికొచ్చి చెప్పింది బంతి మొదట కలిసిన డాక్టరమ్మే. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఈ అమ్మాయి నాకు గుర్తుంది, నా ఎదురుగా కూర్చుని నవ్వింది అంది.

ఏమైందో చెప్పమన్నాడు మాస్టర్. వెన్నెముకకీ దెబ్బ తగల్లేదు, తలకీ తగల్లేదు, ఎక్కడా పడలేదు, ఎలా పోయిందని అడిగాడు.

"పిరుదుల్లో కండ లోపలా దాని కిందా పెద్ద సిరలుంటాయి," అంది డాక్టరమ్మ. "గొట్టం అంత లోతుకి దిగితే అవి చిరుగుతాయి. ఎక్కించిన కొవ్వు ఆ చిరుగులోంచి రక్తంలో పడి, గుండెకెళ్ళి, అక్కణ్ణుంచి ఊపిరితిత్తుల్లో అడ్డం పడుతుంది. ఇక గాలి పీల్చినా లాభం ఉండదు. అందుకే చర్మం కిందే పెట్టాలి, కండ జోలికి పోకూడదు. స్కాన్‌లో మొన ఎక్కడుందో చూసుకుంటూ పెట్టాలి. ఎవరో లోతుగా పెట్టమన్నారట, అందుకని పెట్టాడట. అడిగితే మాత్రం పెట్టేస్తారా?"

"పైపైనే పెట్టి ఉంటే?"

"కొంత కరిగిపోయేది. కొంత జరిగేదేమో. పని పోయేది."

ఆ మాట చెప్పి ఆవిడ లోపలికి వెళ్ళిపోయింది.

ఆసుపత్రి ముందు ఫైటర్లందరూ చేరారు. వార్త ఎలా తెలిసిందో, రెండు వ్యానుల్లో వచ్చారు. కొందరి చేతుల్లో షూటింగు కర్రలు కావు, నిజం కర్రలు, ఇనపరాడ్లు. వీపు మీద వందసార్లు బంతిని మోసినవాళ్ళు, బంతి చేత వందసార్లు తన్నించుకున్నవాళ్ళు. శిల్పి ముక్కుకి కుట్లు వేయించుకుంటూ పోలీసుల కాపలాలో ఇదే భవనంలో ఉన్నాడని వాళ్ళకి తెలిసింది. ఒక్క మాట చెప్పండి మాస్టర్ అన్నారు. ఇద్దరు పోలీసులు మనల్ని ఆపలేరన్నారు. లోపలికెళ్ళి బయటికి లాక్కొస్తామన్నారు.

మాస్టర్ మెట్ల మీద నిలబడ్డాడు. ఆయన నోటివెంట వచ్చే ఒక్క మాట కోసం అంతమంది గుటకలు మింగుతూ చూస్తున్నారు. ఇన్నేళ్ళలో ఆయన కొట్టమన్నాక ఆగినవాడు లేడు, ఆగమన్నాక కొట్టినవాడు లేడు. ఆయన పిడికిళ్ళ మీద ఆ డాక్టర్ రక్తం ఎండి పగుళ్ళిచ్చింది. నోరు తెరిచాడు.

అదే సమయానికి ఆటోలోంచి తల్లి దిగింది. ఎవరో ఫైటర్ పెళ్ళాం ఫోన్ చేసి, బంతిని ఆసుపత్రిలో చేర్చారని మాత్రం చెప్పింది. కాళ్ళకి చెప్పులు లేవు. కర్రలు పట్టుకున్నవాళ్ళు పక్కకి జరిగి దారిచ్చారు. ఆవిడ కొడుకు చొక్కా మీది రక్తం చూసింది, ముఖం చూసింది, ఇక ఎవర్నీ ఏమీ అడగకుండానే కూతురు లేదని గ్రహించింది. ఏళ్ళ తరబడి ఆ రోజు కోసం భయపడుతూ బతికిన మనిషి. మెట్టు మీద కూలబడి అడిగింది.

"ఎంత ఎత్తు నుంచి పడిందిరా?"

మాస్టర్ మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పడలేదమ్మా. మంచం మీద పడుకుని ఉంది."

ఆవిడకి అర్థం కాలేదు. ఆయన మొత్తం చెప్పాడు. అవుట్‌డోర్ అబద్ధమని చెప్పాడు, కొవ్వు సంగతి చెప్పాడు, శిల్పి సంగతి చెప్పాడు. వెనక ఫైటర్లు వింటుండగానే చెప్పాడు. పొడిచింది వాడే, వాణ్ణి చట్టం వదిలిపెట్టదు, నేనూ వదిలిపెట్టను అన్నాడు. ఆ తర్వాతి మాట దగ్గర ఆగాడు. అక్కడ ఆగిపోతే ఎవరికీ తెలిసేది కాదు. లోపలున్నవాడు ఏం చెప్పుకున్నా నమ్మేవాళ్ళు లేరు. వెనక వాళ్ళందరూ కర్రలు బిగించి పట్టుకుని ఉన్నారు.

"లోతుగా పెట్టమని అడిగింది నేనమ్మా. జరగకూడదని నేనే అడిగాను. చెయ్యెత్తితే బానే ఉందని నర్సుని పంపించేసిందీ నేనే."

తల్లి కొడుకు చొక్కా పట్టుకుని దగ్గరికి లాక్కుంది. తర్వాత కొట్టింది. మొదట చెంప మీద, ఆ తర్వాత ఎక్కడ పడితే అక్కడ, నెత్తి మీద, మెడ మీద, విరిగి అతికిన ముక్కు మీద. పిడికిళ్ళతో, గాజులతో కొట్టింది. గాజులు చిట్లి ఆవిడ మణికట్టే తెగింది. ముందు వరసలోని ఫైటర్ ఒకడు ఆపబోతే వాళ్ళలో పెద్దవాడు అతని భుజం పట్టుకున్నాడు. దెబ్బ వచ్చేవైపు తల ఎలా తిప్పాలో, తగలకుండా ఎలా పడాలో ఈ లోకంలో అందరికంటే బాగా తెలిసిన మనిషి మాస్టర్. ఆయన తల తిప్పలేదు. ఆవిడ చేతులు ఇక లేవనంతగా అలిసిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.